బంగినపల్లి కాయ మెత్తబడుతోంది, పసుపు రావట్లేదు. ఎక్కడ తప్పు?

నూజివీడు దగ్గర మాకు 4 పాత బంగినపల్లి చెట్లున్నాయి. మే మొదటి వారంలో కోశాం. భుజాలు నిండిన కాయలే. నీళ్ల బకెట్‌లో వేసి చూసి, మునిగినవే తీసుకున్నాం కాబట్టి లేత కాయ అనుకోవడానికి లేదు. తొడిమతో కోసి, సొన కారిపోయాకే లోపల పెట్టాం.

మొదటి విడత వరిగడ్డిలో మగ్గబెట్టాం. 5వ రోజుకి కండ మెత్తబడి తియ్యగానే ఉంది కానీ తొక్క సగం ఆకుపచ్చే. ముచ్చిక దగ్గర మాత్రం కాస్త పసుపు. రెండో విడతకి అట్టపెట్టెల్లో, కాయకి తగలకుండా, ఇథిలీన్ (కాయని మగ్గబెట్టే వాయువు) సాచెట్లు పెట్టి 24 గంటలు మూసి ఉంచాం. 4వ రోజుకే మెత్తబడ్డాయి, రంగు మాత్రం అంతే. కార్బైడ్ జోలికి పోలేదు, పోను కూడా (నిషేధం సంగతి అటుంచితే, ఇంట్లో పిల్లలు తినే కాయలు).

గది రేకుల షెడ్డు. మధ్యాహ్నం 37 డిగ్రీలు, రాత్రి 30. వేడి 30 దాటితే కండ మగ్గినా తొక్కలో పచ్చదనం విరగదని, 20–22 డిగ్రీల్లో రంగు బాగా తిరుగుతుందని చదివాను. ఏసీ గది మా వల్ల కాదు.

ఇంకా 3 క్వింటాళ్ల కాయ చెట్టు మీదుంది. ఏసీ లేకుండా, తడి గోనెపట్టాలతోనో మరో రకంగానో గదిని చల్లబరిచి బంగినపల్లికి నిండు పసుపు తెప్పించినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎలా చేశారో చెప్తారా?