నగల దుకాణంలో చెక్కు తీసుకోవడం లేదు, నాన్నగారి ఖాతా నుంచి చెల్లించేది ఎలా?

మా నాన్నగారికి 74 ఏళ్లు. స్మార్ట్‌ఫోను లేదు, డెబిట్ కార్డు వద్దన్నారు, ఉన్నది చెక్కు పుస్తకం ఒక్కటే. గత శుక్రవారం గుంటూరులో మనవరాలి కోసం హారం ఎంచుకున్నారు. బిల్లు 2,35,000 రూపాయలు. పాన్ నంబరు ఇచ్చి, చెక్కు మూలన రెండు గీతలు గీసి సంతకం పెట్టారు. బిల్లింగ్ కుర్రవాడు దాన్ని చెల్లని నాణెంలా అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు.

డబ్బు జమయ్యాకే హారం ఇవ్వండి అన్నా ఒప్పుకోలేదు. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కులు అదే రోజు క్లియర్ చేసే పద్ధతి వచ్చిందన్నా వినలేదు. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టం ఒప్పదు, అది సరే. నా యూపీఐ పరిమితి రోజుకు లక్ష. పైగా సొమ్ము తన ఖాతా నుంచే వెళ్లాలని నాన్నగారి పట్టుదల. పెద్ద మొత్తాన్ని ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు వెంటనే పంపే ఆర్‌టీజీఎస్ ఫారం నింపి బ్యాంకుకు వెళ్లేసరికి 3:40 అయింది, కౌంటర్‌లో ఆ రోజుకు ఇక తీసుకోలేమన్నారు. మర్నాడు రెండో శనివారం. సోమవారానికి బంగారం ధర మారింది, పాత ధరకు ఇవ్వబోమన్నారు. సొమ్ము ముందే తీసుకుని బ్యాంకు రాసిచ్చే డీడీ (డిమాండ్ డ్రాఫ్టు) సంగతి దుకాణంలో అడిగితే 'చూద్దాం' అన్నారు తప్ప తేల్చలేదు.

ఈ మధ్య ఎవరైనా నగల దుకాణంలో డీడీ ఇచ్చి, అదే రోజు ధరకు, అదే రోజు నగ తెచ్చుకున్నారా?