అప్‌డేట్: బైక్ ట్రాక్ డేలో చివరికి ఇంటర్మీడియట్ గ్రూపులోకి మారాను

ట్రాక్ డేలో (రేస్ ట్రాక్ మీద మన బైక్ నడుపుకునే రోజు) నోవిస్ గ్రూపులో, అంటే కొత్తవాళ్ల గ్రూపులో, దాదాపు అందర్నీ దాటేస్తున్నాను, పై గ్రూపుకి మారాలా వద్దా అని మొన్న అడిగాను కదా. ముందు ఒక ఇన్‌స్ట్రక్టర్‌ని వెనక ఫాలో అవ్వమని అడగండి అని చాలామంది చెప్పారు. ఈసారి అదే చేశాను.

రెండు సెషన్లు ఆయన నా వెనకే వచ్చారు. ల్యాప్ టైమ్ గురించి ఒక్క మాట కూడా అడగలేదు! "స్ట్రెయిట్‌లో దాటుతున్నావు, అది ఇంజిన్ బలం. నెమ్మదిగా వెళ్లే బైక్ ముందుంటే మూలలో నీ లైన్ (మూల తిరిగే దారి) చెదిరిపోతోంది" అన్నారు. నిజమే. ముందున్న బైక్ వెనక టైర్‌నే చూస్తూ, బ్రేక్ ముందే పట్టేసి, ఏపెక్స్ (మూలలో లోపలి అంచుకి బాగా దగ్గరయ్యే చోటు) పోగొట్టుకుంటున్నాను. మధ్యాహ్నం దాకా చూపు మూల చివరికి పెట్టడం ఒక్కటే ప్రాక్టీస్ చేశాను. ట్రాఫిక్‌లో కూడా లైన్ నిలబడ్డాక, "ఇక వెళ్లు" అన్నారు.

కొత్త గ్రూపులో మొదటి సెషన్ బాగా టెన్షన్. ఇక్కడ మూలల్లో కూడా బయటి వైపు నుంచి దాటవచ్చు. ఒకాయన అలా పక్కకి రాగానే గుండె ఝల్లుమంది, కానీ లైన్ మార్చలేదు, థ్రాటిల్ వదల్లేదు. ఆయన శుభ్రంగా దాటి వెళ్లిపోయారు. నేను సిద్ధమేనని నాకు నమ్మకం కుదిరింది అప్పుడే, ఎవరినో దాటినప్పుడు కాదు.

అలసిపోయి చివరి సెషన్ మానేశాను. వచ్చేసారి నేరుగా ఇంటర్మీడియట్‌లోనే పేరు ఇస్తాను. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.