టైర్లు చేయని టైర్ల ఊరికి తమ్ముణ్ణి పంపొచ్చా?

ఓరగడం_నైట్‌షిఫ్ట్:
మా తమ్ముడికి ఒహాయోలోని ఆక్రన్ యూనివర్సిటీలో పాలిమర్ (రబ్బరు, ప్లాస్టిక్ లాంటి పదార్థాల చదువు) ఎమ్మెస్ సీటొచ్చింది. ఇంట్లో అందరం సంబరపడుతుంటే మావయ్య వచ్చి "అది చచ్చిన ఊరురా, ఫ్యాక్టరీలన్నీ ఎప్పుడో మూసేశారు" అని ఒక్క మాట అనేసి వెళ్లాడు, అమ్మకి అప్పటి నుంచి టెన్షన్. నేనూ టైర్ ప్లాంట్‌లోనే, పచ్చి టైర్లని వేడిచేసి గట్టిపరిచే క్యూరింగ్ ప్రెస్ దగ్గర పనిచేస్తా. ఆక్రన్ అంటే ప్రపంచానికే రబ్బరు రాజధాని అని ట్రైనింగ్‌లో చెప్పారు మాకు. అలాంటి ఊళ్లో ఇప్పుడు మామూలు కారు టైరు ఒక్కటీ తయారవదంటే నమ్మబుద్ధి కావట్లేదు. అసలేమైంది? లోన్ తీసుకునేది నేను, అందుకే అడుగుతున్నా.

తిరువొత్తియూర్_తాత:
బాబూ, నేను టైర్ల పనిలోనే రిటైరయ్యాను, చెప్తా విను. ఆ ఊరితో మనకి చుట్టరికం ఉంది. ఇక్కడ 1946లో బొమ్మ బెలూన్ల షెడ్డుగా మొదలైన ఎంఆర్‌ఎఫ్ టైర్లలోకి దిగేటప్పుడు టెక్నాలజీ ఇచ్చింది ఒహాయో వాళ్ల మాన్స్‌ఫీల్డ్ కంపెనీ. ఆక్రన్‌కి వంద కిలోమీటర్లు అటూఇటూ ఉంటుంది మాన్స్‌ఫీల్డ్. నేర్పిన కంపెనీ పోయింది, నేర్చుకున్నది నిలబడింది.

ఆక్రన్‌లో 1870లో గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీ వచ్చింది, 1898లో గుడ్‌ఇయర్, 1900లో ఫైర్‌స్టోన్. ఇక కార్ల గిరాకీ మొదలయ్యాక చూడాలి ఆ ఊరి సందడి. 1910లో 69 వేలున్న జనాభా పదేళ్లలో 2 లక్షల 8 వేలు దాటింది. ఇళ్లు చాలక ఒకే మంచాన్ని షిఫ్టుకొకరు చొప్పున అద్దెకి తీసుకుని పడుకునేవాళ్లట, ఒకడు లేచి డ్యూటీకి పోతే ఆ వెచ్చదనం చల్లారకముందే ఇంకొకడు.

దెబ్బ కొట్టింది రేడియల్ అనే కొత్త రకం టైరు. నువ్వు రోజూ చూసేదే కదా, పాత రకం నైలాన్ టైరులో దారాలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోతాయి, రేడియల్‌లో ఒక అంచు నుంచి ఇంకో అంచుకి నేరుగా పోయి పైన స్టీల్ బెల్టు పడుతుంది. ఫ్రాన్స్ కంపెనీ మిషలిన్ వాళ్లు 1946లోనే పేటెంట్ తీసుకున్నారు. ఆక్రన్ వాళ్లకి తెలియక కాదు, చేయాలంటే ఉన్న మిషన్లు తీసేసి కొత్తవి పెట్టాలి, పైగా రెట్టింపు కాలం మన్నే టైరు అమ్మితే మళ్లీ ఎవడు కొంటాడు? వాయిదా వేస్తూ వచ్చారు. 1973లో పెట్రోలు ధర మంటెత్తాక, ఇంధనం ఆదా అవుతుందని జనమే రేడియల్ కావాలన్నారు. ఫైర్‌స్టోన్ పాత మిషన్లనే సర్ది హడావుడిగా చేసిన 500 రకం టైర్లు పొరలు ఊడిపోయి, 1978లో కోటికి పైగా వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. కొత్త ప్లాంట్లేమో యూనియన్ల బలం లేని దక్షిణాది రాష్ట్రాల్లో కట్టారు. ఆక్రన్‌లో మామూలు కారు టైర్ల తయారీ 1982తో ఆగిపోయింది.

వైట్‌ఫీల్డ్_రబ్బర్:
నేను అక్కడే రెండేళ్లు చదివి ఇప్పుడు బెంగళూరులో ఉన్నా. చచ్చిన ఊరు కాదు బ్రో, చిక్కిపోయిన ఊరు. 1960లో 2.9 లక్షల మంది, 2020 లెక్కల్లో 1.9 లక్షలు. ఫైర్‌స్టోన్‌ని 1988లో జపాన్ బ్రిడ్జ్‌స్టోన్ కొనేసింది, అక్కడిదే ఇంకో కంపెనీ జనరల్ టైర్ జర్మనీ వాళ్ల చేతికి పోయింది, పెద్దవాటిలో గుడ్‌ఇయర్ ఒక్కటే ఇప్పటికీ ఆ ఊరి కంపెనీగా మిగిలింది. కానీ బ్రిడ్జ్‌స్టోన్ టెక్నికల్ సెంటర్ ఆక్రన్‌లోనే ఉంది, రేసు కార్ల టైర్లు ఇప్పటికీ అక్కడే చేస్తారు. రబ్బరు కెమిస్ట్రీ పాఠాలు ఆ యూనివర్సిటీలో 1909 నుంచి ఉన్నాయి, ల్యాబులో చేయి పెడితే ఆ తేడా తెలుస్తుంది.

నాకు బాగా గుర్తుండిపోయింది క్వేకర్ ఓట్స్ సైలోలు. ధాన్యం పోసిన ఆ కాంక్రీటు గొట్టాల్ని హోటల్ చేశారు, తర్వాత యూనివర్సిటీ కొని హాస్టల్‌గా వాడింది. గది మొత్తం గుండ్రం, బీరువా ఏ గోడకి ఆనించినా వెనక సందు మిగులుతుంది!

సైదాపేట_సూటిమాట:
ల్యాబుంటే ఊరు బతికినట్టేనా అన్నా? టైరు ఫ్యాక్టరీ పెద్ద చదువు లేనివాడికి కూడా సొంతిల్లు ఇచ్చింది. ల్యాబు ఎమ్మెస్‌లకీ పీహెచ్‌డీలకీ ఇస్తుంది. ఇప్పుడక్కడ ఎక్కువ ఉద్యోగాలిచ్చేవి ఆసుపత్రులు. రోలింగ్ ఏకర్స్ అని 1975లో కట్టిన పెద్ద మాల్ మూతపడి కూలగొడితే ఆ స్థలంలోకి అమెజాన్ గోడౌన్ వచ్చింది. ఒకప్పటి రబ్బరు కూలీ మనవడు అక్కడ పెట్టెలు సర్దుతున్నాడేమో. మీ తమ్ముడికి ఊరు మంచిదే కావచ్చు, అక్కడే పుట్టి పెరిగినవాళ్లకి ఆ ఊరు మంచిదా అన్నది వేరే లెక్క.

వైట్‌ఫీల్డ్_రబ్బర్:
కాదనను. అడిగింది తమ్ముడి గురించి కాబట్టి అటువైపు చెప్పా. ఒక్కటి మాత్రం చేయమను, చేరకముందే ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టి ప్రాజెక్టుకి ఫండింగ్ ఉందా అని అడగాలి. లోన్ తీసుకునేది అది తేలాకే.

ఓరగడం_నైట్‌షిఫ్ట్:
తాతగారూ, మంచం సంగతి చదివి నవ్వొచ్చింది. మా రూములో ఆరుగురం, పరుపులు నాలుగు, షిఫ్టులు మూడు. నేను పొద్దున వచ్చేసరికి నా పరుపు మీదున్న బిహార్ అబ్బాయి అప్పుడే లేస్తుంటాడు. తలగడ గలీబుకి కార్బన్ బ్లాక్ (టైరు రబ్బరులో కలిపే నల్ల పొడి) మరక, అది నాదో వాడిదో ఇద్దరికీ తెలీదు. మెయిల్ ఇవాళే పెట్టిస్తా. మావయ్యకి ఈ పేజీ పంపాను, రెండు నీలం టిక్కులు పడ్డాయి, ఇంకా ఏమీ అనలేదు.