అన్నీ బ్రిటిష్‌వాళ్లు పెట్టిన పేర్లే ఉంటే, వాళ్లు వెళ్లిపోయినట్టు ఎలా తెలుస్తుంది? మావాడి ప్రశ్నకి మీరేం చెప్తారు?

సాగరతీరం (ప్రశ్న)

మాది విశాఖపట్నంలో సీతమ్మధార. మావాడు తొమ్మిదో తరగతి. ఆగస్టు 15కి స్కూల్లో స్వాతంత్ర్యం గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. యూట్యూబ్‌లో దొరికే ప్రసంగాలు బట్టీ పట్టొద్దు, మన ఊరి సంగతులతో రాసుకో అని నేనే చెప్పాను. వాడు ఊరంతా ఒకసారి తలుచుకుని నన్నే నిలదీశాడు.

"అమ్మమ్మకి ఆపరేషన్ అయింది కింగ్ జార్జ్ ఆసుపత్రిలో. నువ్వు చదివింది క్వీన్ మేరీ స్కూల్లో. వన్‌టౌన్‌లో రాణీ బొమ్మ అంటే విక్టోరియా రాణి. లాసన్స్ బే, రాస్ హిల్, డాల్ఫిన్స్ నోస్, ఇవన్నీ వాళ్లు పెట్టిన పేర్లే కదా. మరి వాళ్లు వెళ్లిపోయినట్టు ఎలా తెలుస్తుంది?"

కేజీహెచ్, అంటే ఆ కింగ్ జార్జ్ ఆసుపత్రి, 1923 నాటిది, శ్రీకాకుళం నుంచీ ఒడిశా నుంచీ బీదాబిక్కీ అంతా అక్కడికే వస్తారు, వాళ్లలో ఎవరికీ ఆ రాజు గుర్తుకు కూడా రాడు అని చెప్పి చూశాను. వాడికి ఆ జవాబు చాల్లేదు. నిజం చెప్పాలంటే నాకూ చాల్లేదు.

పాఠ్యపుస్తకంలో ఉన్నది వాడికి తెలుసు. మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినవి, మీరు కళ్లారా చూసినవి ఏమైనా ఉంటే రాయండి.

మల్కాపురం సెయిలర్

నేవీలో సెయిలర్‌గా చేసి రిటైరయ్యాను. మీ అబ్బాయి అడిగింది నాకు సూటిగా తగిలింది మేడమ్.

ఓడ మీద రోజూ పొద్దున్న ఎనిమిది గంటలకి జెండా ఎక్కిస్తారు. అందరం అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ చేస్తాం. మా రోజుల్లో ఆ జెండాకి ఒక మూల మన మూడు రంగులు ఉండేవి. మిగతా తెల్లగుడ్డ మీద నిలువుగా, అడ్డంగా ఎర్రటి శిలువ. అది ఇంగ్లాండ్ వాళ్ల సెయింట్ జార్జ్ శిలువ. 2001లో తీసేశారు. కొత్త జెండా మీద నీలం గుర్తు ఆకాశంలో, నీళ్లలో కలిసిపోతోందని 2004లో మళ్లీ తెచ్చారు. చివరికి 2022 సెప్టెంబర్ 2న, కొచ్చిలో విక్రాంత్ యుద్ధనౌకని నేవీలోకి తీసుకున్న రోజున, ఆ శిలువ పూర్తిగా పోయింది. టీవీలో చూస్తూ ఇంట్లోనే లేచి నిలబడ్డాను. మా ఆవిడ ఏమైందని కంగారుపడింది.

పేర్లూ గుర్తులూ చిన్న విషయాలంటే నేను ఒప్పుకోను. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో నేవీ కుర్రాళ్లు సమ్మెకి దిగారు. తినలేని తిండి, తెల్ల ఆఫీసర్ల తిట్లు, అక్కడే రాజుకుంది. కానీ సమ్మె మొదలవగానే వాళ్లు చేసిన పని ఓడల మీద బ్రిటిష్ జెండా దించేసి కాంగ్రెస్, ముస్లిం లీగ్, కమ్యూనిస్టు జెండాలు ఎగరేయడం. మంచి తిండి పెట్టినా ఆ జెండా కింద ఉండం అన్నట్టే కదా అది. కేజీహెచ్‌కి కూడా యల్లాప్రగడ సుబ్బారావు గారి లాంటి మన వైద్య శాస్త్రవేత్త పేరు పెడితే బాగుంటుందని నా మనసులో మాట.

కొండగాలి మాస్టారు

అమ్మా, నేను చింతపల్లి వైపు ఏజెన్సీ ఊళ్లలో బడిపంతులుగా చేశాను. పుట్టి పెరిగింది మాత్రం సింధియా దగ్గర. మా నాన్నగారు షిప్‌యార్డులో ఖలాసీ. మీవాడి ప్రశ్నకి నాన్న చెప్పే జవాబు ఒకటి, నేను చెప్పేది ఒకటి.

నాన్న జవాబు ఓడ. 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి ‘జల ఉష’ని నీళ్లలోకి వదిలినప్పుడు నాన్న ఆ జనంలో ఉన్నారు. స్లిప్‌వే, అంటే ఓడని నీళ్లలోకి జార్చే వాలు, దాని మీద అంత పెద్ద ఓడ మొదట కదిలినట్టే అనిపించదట. కదిలిందని కనిపెట్టేసరికి నీళ్లలో ఉంటుందట. ఈ ముక్క చెప్పేటప్పుడు అరచేయి ఏటవాలుగా పెట్టి మెల్లగా జార్చి చూపించేవారు. అందులో అంత గొప్పేమిటో అర్థం కావాలంటే వెనక సంగతి తెలియాలి. అప్పట్లో మన తీరం వెంబడి మన సరుకు మోసే ఓడలు కూడా చాలావరకు బ్రిటిష్ కంపెనీలవే. మనవాళ్లెవరైనా ఓడల కంపెనీ పెడితే, రేట్లు పడగొట్టి మూతపడేదాకా వదిలేవాళ్లు కాదు. తూత్తుకుడిలో చిదంబరం పిళ్లై స్వదేశీ ఓడలు నడిపితే 1908లో ఆయన్ని జైల్లోనే వేశారు. అలాంటి రోజుల్లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ తరఫున మన ఊళ్లో యార్డు తలపెట్టాడు. 1941లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. స్వాతంత్ర్యం వచ్చి ఏడు నెలలు తిరిగేసరికి అందులోంచి ఓడ బయటికొచ్చింది. ఇంకేం కావాలి అనేవారు నాన్న.

నా జవాబు మాత్రం కొండ మీద దొరికింది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండవాళ్లు వాలు మీద తుప్పలు నరికి, ఎండాక తగలబెట్టి, తొలకరికి సామలు, చోళ్లు, వలిసెలు చల్లుకుంటారు. కొన్నేళ్లు పండించి ఆ చోటు వదిలేసి, అడవి మళ్లీ కమ్ముకున్నాక తిరిగి వస్తారు. అదే పోడు. ఆ చట్టంతో రాత్రికి రాత్రి అది నేరమైపోయింది. తాతలనాటి నేల మీద అడుగు పెట్టినవాడు దొంగ. పైగా గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు అదే జనాన్ని రోడ్డు పనికి తోలి, కూలి దగ్గర నోరు కొట్టాడు. అల్లూరి సీతారామరాజు వెంట జనం ఊరికే నడవలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డాడు, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఏమేం ఆయుధాలు పట్టుకెళ్తున్నాడో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చేశారు.

పాఠంలో కథ అక్కడితో ఆగిపోతుంది. మీ అబ్బాయికి ఆ తర్వాతది చెప్పండి. రాజు పక్కన నిలబడి పోరాడిన గాం సోదరులు గంటందొర, మల్లుదొరల్లో మల్లుదొరని పట్టుకుని అండమాన్ జైలుకి పంపారు. ఆయన బతికి తిరిగొచ్చారు. 1952లో మొట్టమొదటి లోక్‌సభకి మన విశాఖపట్నం స్థానం నుంచి ఎంపీగా గెలిచారు. ఏ ప్రభుత్వం తనని పితూరీదారు, అంటే తిరుగుబాటుదారు, అని ముద్ర వేసి సముద్రం దాటించిందో, ఆ ప్రభుత్వం పోయాక చట్టాలు చేసే చోట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు ఆ కొండమనిషి. నా క్లాసులో ప్రతి ఏడాదీ ఈ సంగతి చెప్పేవాణ్ణి. వెనక బెంచీలో ఉన్న మల్లుదొరలూ గంటందొరలూ తలెత్తి చూసేవాళ్లు, వాళ్ల పేర్లే కదా మరి.

ఇంకొకటి నా కళ్లతో చూసింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, 2008 నుంచి అమలు చేశారు. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి, నాలుగు హెక్టార్లకి మించకుండా హక్కు ఇవ్వాలి. అర్జీలు గ్రామసభలోనే తీసుకోవాలి. ఊళ్లో రాయడం వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి ఆ ఫారాలు నింపడానికి నన్ను కూర్చోబెట్టారు. సాక్ష్యం అన్నచోట ఏం రాయాలి? పట్టా లేదు, శిస్తు రసీదు లేదు. కానీ ఆ చట్టం కింద ఊరి పెద్దలు చెప్పిన మాట రాసుకున్నా సాక్ష్యమే. కట్టిన గట్టు సాక్ష్యమే, చనిపోయినవాళ్లని పాతిపెట్టిన చోటు సాక్ష్యమే.

ఒక ముసలాయన మమ్మల్ని పక్కింటివాళ్ల పోడు చుట్టూ తిప్పాడు. ముందు ఆయన, వెనక జీపీఎస్ మిషను పట్టుకుని ఫారెస్టు బీటు ఆఫీసరు, ఆ వెనక కాగితాల అట్టతో నేను. ప్రతి మలుపులో ఆగి గట్టు రాయి మీద చెయ్యి వేసేవాడు. "ఇది వీళ్ల తాత ఎత్తిన రాయి బాబూ, అప్పుడు నేను మేకలు కాసేవాణ్ణి" అని ఒకచోట. "ఈ చింతచెట్టు వీళ్ల నాయనమ్మ నాటింది" అని ఇంకోచోట. మేకలు కాసిన సంగతితో సహా నేను రాశాను. చివర వేలిముద్ర వేయించుకుని బీటు ఆఫీసరు సంతకం పెట్టాడు. ఒకప్పుడు ఫారెస్టు వాళ్ల బూట్ల చప్పుడు వింటే పొదల్లో దాక్కున్న మనిషి ఆ ముసలాయన. ఇప్పుడు ఆయన నడిచిన దారే హద్దు, ఆయన నోటి మాటే ప్రభుత్వ కాగితం మీద సాక్ష్యం.

వాళ్లు వెళ్లిపోయినట్టు నాకు తెలిసింది అప్పుడమ్మా. సెయిలర్ గారి అభిమానం నాకు అర్థమైంది, ఆసుపత్రి పేరు మారిస్తే సంతోషమే. కానీ అదే ఆసుపత్రి ఓపీలో పాడేరు నుంచి దిగిన మనిషిని గుమస్తా ‘ఏయ్’ అంటే మాత్రం, ఏ పేరు పెట్టినా అది జార్జి గారి కాలమే.

సాగరతీరం

మాస్టారూ, మీ జవాబు మావాడికి చదివి వినిపించాను. మల్లుదొర గారి సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. వాడు వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు: "స్వాతంత్ర్యం 1947లో వస్తే చట్టం 2006లో ఎందుకొచ్చింది? మధ్యలో ఆ తాత ఎవరికి భయపడ్డాడు?" దీనికి నా దగ్గర మాట లేదు.

సబ్బవరం లా

లా చదువుతున్నాను. అక్కా, మీ తమ్ముడి లాంటివాణ్ణి అనుకోండి, మీ అబ్బాయిని అలాగే అడుగుతూ ఉండమనండి. ఆ 2006 చట్టం పీఠికలోనే ఒప్పుకోలు ఉంది. వలస పాలనలోనే కాదు, స్వతంత్ర భారతంలో కూడా అడవి బిడ్డల హక్కుల్ని గుర్తించకపోవడం చారిత్రక అన్యాయం అని. ప్రభుత్వం తన తప్పు తానే చట్టంలో రాసుకుంది.

అడవి ఒక్కటే కాదు. భూసేకరణ చట్టం 1894 నాటిది. ప్రజా ప్రయోజనం అని సర్కారు అంటే చాలు, రైతు ఒప్పుకోవాల్సిన పని లేదు. అది 2013 డిసెంబర్ ఆఖరు దాకా నడిచింది. స్వాతంత్ర్యం తర్వాత మనం కట్టుకున్న డ్యాములకీ ఫ్యాక్టరీలకీ నేల తీసుకున్నది దాని కిందే. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. ఆ ఫ్యాక్టరీ మన అందరిదీ, మా ఇంట్లోనూ దాని జీతంతో చదువుకున్నవాళ్లున్నారు. కానీ దానికోసం ఊళ్లు ఖాళీ చేయించింది మాత్రం తెల్లవాడు రాసిపోయిన చట్టమే. ఇప్పుడున్న చట్టంలో ప్రైవేటు కంపెనీ కోసమైతే భూమి పోయే కుటుంబాల్లో 80 శాతం ఒప్పుకోవాలి. ఆ ఒక్క వాక్యం కోసం ఇన్నేళ్లు పట్టింది.

మాస్టారితో ఒక్కచోట తేడా ఉంది నాకు. కాగితం మీద వేలిముద్ర పడగానే అయిపోలేదు, పడ్డాక దాన్ని కాపాడుకోవడానికి మళ్లీ కోర్టు మెట్లెక్కాలి. అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ నుంచి మొదలై, సమతా అనే సంస్థ వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1997లో సమతా తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకి ఇవ్వకూడదని. తెల్లవాళ్ల కాలంలో ఆ గిరిజనులు సర్కారు మీద గెలవగలిగేవారా? నేను వలస పాలనకీ ఇప్పటికీ తేడా చూసేది ఇక్కడ. అన్యాయం ఆగిపోలేదు, కానీ దాన్ని ఎదిరించి గెలిచే దారి ఉంది.

కొండగాలి మాస్టారు

సబ్బవరం బాబు చెప్పింది సబబుగా ఉంది. నేను రాసిన అర్జీల్లో కూడా అన్నీ పాస్ కాలేదు, కొన్ని వెనక్కొచ్చాయి, మళ్లీ పెట్టించాం.

అమ్మా, బాబు అడిగిన రెండో ప్రశ్నని ప్రసంగంలో అలాగే అడగమనండి. జవాబు టీచర్లని చెప్పమనండి, తప్పేం లేదు. వీలైతే ఒక ఆదివారం కృష్ణదేవిపేట తీసుకెళ్లండి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో నర్సీపట్నం బస్సెక్కితే అక్కణ్ణుంచి మళ్లీ బస్సో ఆటోనో దొరుకుతుంది, అక్కడ కె.డి.పేట అంటారు. వానాకాలం కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. సీతారామరాజు సమాధి ఉన్నచోటే మల్లుదొర గారి సోదరుడు గంటందొర సమాధి కూడా ఉంది. చాలామంది మొదటిదాని దగ్గర ఫొటో తీసుకుని వచ్చేస్తారు. బాబుకి రెండూ చూపించండి.