పాత టాటా 1613 లారీ కొనాలంటే 697 టర్బోనా, కమ్మిన్స్ 6బీటీనా?

నాపరాయి లోడు (బేతంచెర్ల):

అన్నలకు నమస్తే. బేతంచెర్ల నుంచి గుంటూరుకు నాపరాయి తోలే లారీల మీద పదకొండేండ్లు డ్రైవరుగా చేసినా. ఇప్పుడు సొంతానికి ఒక పాత 1613 చూస్తాండా. రెండు బేరాలు వచ్చినాయి. రెండూ 2004 మోడలే. బాడీ, టైర్లు, రేటు అటూ ఇటూగా ఒకటే. ఒకదాంట్లో టాటా వాళ్ల 697 టర్బో ఇంజను, రెండోదాంట్లో కమ్మిన్స్ 6బీటీ. ఊర్లో అడిగితే సగం మంది "కమ్మిన్స్ జోలికి పోవద్దు, పోతే బ్లాకే పోతాది" అంటారు. మిగతా సగం "697 కొంటే ఆయిలు డబ్బా పక్కన పెట్టుకొని తిరగాల" అంటారు. వారానికి రెండు మూడుసార్లు ఆత్మకూరు, దోర్నాల ఘాట్ ఎక్కే బండి ఇది. ఏది నిలబడతాది, చెప్పండి.

ఆటోనగర్ స్లీవు (విజయవాడ):

697 తీసుకోండి, రెండో మాట లేదు. పేరులోనే ఉంది చూడండి: 6 సిలిండర్లు, 97 మి.మీ. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు. బెంజి వాళ్ల ఓఎం 352 ఇంజనుకి ఇది సొంత బిడ్డ. 97 బోరు, 128 స్ట్రోకు (పిస్టను పైకీ కిందికీ కదిలే దూరం), 5,675 సీసీ. టెల్కోకీ (ఇప్పటి టాటా మోటార్స్) డైమ్లర్ బెంజ్‌కీ 1954లో కుదిరిన పొత్తు 1969లో తీరిపోయింది గానీ ఇంజను మాత్రం ఇక్కడే ఉండిపోయింది. మా నాన్న ఇప్పటికీ 1210ని "బెంజి లారీ" అనే అంటారు.

అసలు విషయం స్లీవులండి. 697 బ్లాకులో డ్రై స్లీవులు ఉంటాయి, అంటే పిస్టను తిరిగే, మార్చుకోగల లోపలి గొట్టాలు. అరిగితే పాతవి ప్రెస్సు మీద దింపేసి కొత్తవి ఎక్కిస్తాం. అంచు బ్లాకు మట్టానికి కూర్చుందో లేదో గోరుతో గీసి చూస్తాం. గోరు తగిలిందా, తీసి మళ్లీ మొదలు. తర్వాత బోరు కొట్టి, హోనింగ్ చేసి (లోపలి గోడ సన్నగా రుద్ది), స్టాండర్డ్ పిస్టనే వేస్తాం. ఎన్నిసార్లు చేసినా బ్లాకు అదే. కర్నూల్లో అయినా, మార్కాపురంలో అయినా ఈ పని చేతిలో ఉన్న మేస్త్రి దొరుకుతాడు. కమ్మిన్స్‌కి ఆ సుఖం లేదు.

బియ్యం బండి (మిర్యాలగూడ):

నీ షాపుకు గిరాకి కావాలంటె అందరు 697 కొనాలె గద అన్నా! ఇంజను దింపుడు ఎంత సులువో చెప్తున్నవ్ గని, ఎన్ని దినాలకు ఒకసారి దింపాలెనో చెప్తలేవ్.

కమ్మిన్సుల స్లీవు ఉండది, నిజమే. బోరు బ్లాకులనే ఉంటది. గది లోపమెట్లయితది? నడుమల ఇంకో గొట్టం లేదు కాబట్టి వేడి సీదా నీళ్లకు పోతది. 102 బోరు, 120 స్ట్రోకు, 5,883 సీసీ. స్ట్రోకు జూడు: 697ల పిస్టను ఒక్క తిరుగుడుకు 16 మి.మీ. ఎక్కువ రాసుకుంటది. 2,000 ఆర్‌పీఎంల నిమిషానికి 32 మీటర్లు ఎక్కువ. దినమంత తిరిగితె ఎంతయితదో నువ్వే లెక్కవెట్టుకో. అరిగినా బ్లాకు పారెయ్యాలని ఎవరు చెప్పిన్రు? అర మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టను ఉన్నది, ఒక మి.మీ.ది ఉన్నది. అదీ అయిపోతె దానికీ స్లీవు కొట్టొచ్చు.

ఆటోనగర్ స్లీవు:

కొట్టొచ్చు. ఎవరు కొడతారన్నదే నేనడిగేది. మీరు చెప్పిన ఆ అర మి.మీ. బోరు ఒక్కసారి వంకరగా పడితే దిద్దుకోవడానికి మిగిలేది ఇంకో అర మి.మీ. మాత్రమే. అదే 697లో పని చెడితే పోయేది స్లీవు ఖర్చు. మిర్యాలగూడకి హైదరాబాదు దగ్గర, మీకు మంచి మెషిన్ షాపు దొరుకుతుంది. ఆయన ఉండేది బేతంచెర్లలో. ఇంకోటి, ఘాట్ ఎక్కడానికి పొడుగు స్ట్రోకే మంచిది, కింద ఆర్‌పీఎంలోనే లాగుతుంది.

డాలస్ డీజిల్:

ఇక్కడ టెక్సస్‌లో 6బీటీకి గుడి ఒక్కటే కట్టలేదు. 1989లో డాడ్జ్ రామ్ పికప్‌లో పెట్టారు, 160 హార్స్‌పవర్‌తో. 1993 దాకా డీజిలు కొట్టేది బాష్ వీఈ రోటరీ పంపు. 1994 నుంచి 1998 దాకా పీ7100 ఇన్‌లైన్ పంపు. ఆ ఇన్‌లైన్ పంపు ఉన్న 12 వాల్వుల ఇంజనంటే ఇప్పటికీ ఎగబడతారు. తర్వాత వచ్చిన 24 వాల్వుల దాంట్లో ఎలక్ట్రానిక్ పంపు పెట్టారు. దాన్ని చల్లబరిచేది దాంట్లోంచి పారే డీజిలే. ట్యాంకు నుంచి తోసే చిన్న పంపు బలహీనపడితే పెద్ద పంపు కాలిపోతుంది. పాతదాని విలువ పెరగడానికి అదొక కారణం.

12 వాల్వుల దాంట్లోనూ ఒక దొంగ ఉన్నాడు. ముందు టైమింగ్ గేర్ హౌసింగ్‌ని బ్లాకు మీద సరిగ్గా కూర్చోబెట్టే చిన్న స్టీలు డోవెల్ పిన్ను. ఏళ్ల తరబడి అదురుకి కొంచెం కొంచెం బయటికొచ్చి గేర్లలో పడితే హౌసింగ్ పగలొచ్చు, టైమింగ్ పోవచ్చు. ఇక్కడ దాని పేరే "కిల్లర్ డోవెల్ పిన్". మందు చాలా చవక: ముందు కవరు విప్పి, పక్క బోల్టు కింద చిన్న రేకు ముక్క బిగించి పిన్ను బయటికి రాకుండా అడ్డం పెట్టడమే. కమ్మిన్స్ బండి తీసుకుంటే మొదటి పని అదే చేయించండి.

ఆటోనగర్ స్లీవు:

సుమారు మూడు టన్నుల పికప్‌ కీర్తి తెచ్చి 16 టన్నుల లారీకి తగిలిస్తే ఎట్లా సార్? మీ దగ్గర వారాంతంలో పడవ లాగుతుంది. ఇక్కడ నాపరాయి లాగాలి.

డాలస్ డీజిల్:

ఆ మాట ఒప్పుకుంటా. కాకపోతే ఇదే ఇంజను ఇక్కడ బస్సుల్లో, పొలం యంత్రాల్లో కూడా బతికింది. మన దగ్గర 1993లో జంషెడ్‌పూర్‌లో టాటా కమ్మిన్స్ పెట్టింది ట్రక్కుల కోసమే కదా, పడవల కోసం కాదు.

పంపు బెంచి (రాజమండ్రి):

ఇద్దరి గొడవా చదివానండి. ఇరవై రెండేళ్లుగా మైకో డీజిలు పంపులు విప్పి కట్టేవాణ్ణి. నా బెంచి మీదకి రెండు ఇంజన్ల పంపులూ వస్తాయి. స్ట్రోకు పొడుగుంటే లాగుతుందన్న మాట టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో తోసేది) లేని రోజులకి కొంత సరిపోతుంది. టర్బో వచ్చాక లాగేది గాలీ, దానికి తగ్గ డీజిలూనండి. మిగతాదంతా గేరు బాక్సు చూసుకుంటుంది.

ఇంజన్లు ఎందుకు చస్తాయో చెబుతాను. చాలా టర్బో పంపులకి పైన ఓ చిన్న గిన్నె ఉంటుంది, లోపల రబ్బరు డయాఫ్రం. టర్బో గాలి ఒత్తిడి వచ్చేదాకా అది డీజిలు పూర్తిగా వదలనివ్వదు. ఆ డయాఫ్రం చిరిగిందనుకోండి, ఒత్తిడొచ్చినా పంపుకి కబురందదు. బండి లాగదు. డ్రైవరు "లాగట్లేదు" అంటాడు. ఎవడో పంపు సీలు తెంపి, స్క్రూ తిప్పి డీజిలు పెంచేస్తాడు. ఘాట్‌లో ఏనుగులా లాగుతుంది, వెనక నల్లపొగ. ఓనరు మురిసిపోతాడు. ఆ పొగ కాలని డీజిలు, దాని వెనకాలే సైలెన్సరు వేడి. పోయిన వేసవిలో అలాంటి బండి పంపు విప్పితే డయాఫ్రంలో అగ్గిపుల్ల దూరేంత చిరుగు. రబ్బరు ముక్క మారిస్తే పోయేదానికి మూడో పిస్టను తల కరిగిపోయింది. ఏ కంపెనీ ఇంజను అన్నది ఇక్కడ అనవసరమండి, రెండిటిలోనూ చూశాను.

టర్బో సంగతీ అంతే. ఘాట్ దిగి టీ కొట్టు దగ్గర ఠక్కున ఆఫ్ చేస్తే, ఎర్రగా కాగి ఉన్న షాఫ్టుకి ఆయిలు ఆగిపోతుంది. రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి. టీ ఎక్కడికీ పోదు.

కొనేటప్పుడు తెల్లారగట్ల వెళ్లండి. మీరొచ్చేసరికి ఇంజను వేడిగా ఉంటే వెనక్కి తిరిగి రండి, చల్లారాక చూపించమనండి. చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, ఆయిల్ మూత విప్పి తలకిందులుగా పెట్టండి. మూత ఎగిరి పడితే బ్యాక్ కంప్రెషన్ (పిస్టన్ల పక్కనుంచి గాలి కిందికి దిగడం) ఉన్నట్టే. కాస్త అదిరితే బెంగ లేదు. టర్బో ముందు గొట్టం విప్పి షాఫ్టు కొస పట్టుకుని కదపండి. అటూ ఇటూ కొద్దిగా ఆడొచ్చు, రెక్కలు గోడకి రాసిన గీతలు మాత్రం ఉండకూడదు. పంపు సీలు చూడటం మర్చిపోకండి.

బియ్యం బండి:

పంపన్న చెప్పింది ఒప్పుకుంట. గని డయాఫ్రం రెంటికీ చిరుగుతది. అరుగుడు లెక్క మారదు.

ఆటోనగర్ స్లీవు:

ఇంజను పక్కన పెట్టి కాయితాలు కూడా చూడండి. ఇరవై ఏళ్ల బండ్లలో సగానికి లోపలున్న ఇంజను, ఆర్సీలో ఉన్న ఇంజను ఒకటి కాదు. మా వీధిలోనే రోజూ మారుస్తుంటారు. ఆర్టీఓలో ఎక్కించకపోతే ఫిట్‌నెస్‌లో ఆపేస్తారు. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన హెవీ బండికి ఫిట్‌నెస్ ఫీజే 12,500 చేశారు. మీ బండి ఇంకా పాతది, ఇప్పుడెంతో అక్కడే కనుక్కోండి.

నాపరాయి లోడు:

అందరికీ దండాలు. నిన్న తెల్లారుజామున పోయి రెండూ చూసొచ్చినా.

కమ్మిన్స్ బండి ముందు చూసినా. ఒక్క చుట్టుకే అందుకున్యాది, పొగ లేదు, మూత కదల్లేదు. శబ్దం వింటానే మనసు దానిమీద పడిపోయింది. బ్లాకు మీద మట్టి గీకి నంబరు చూస్తే ఆర్సీ నంబరుతో కలవల్యా. ఓనరును అడిగితే "అది నేను కొన్నప్పటి నుంచి అంతే, ఎవురూ అడగల్యా" అన్యాడు. ఇంజను ఏ బండి నుంచి వచ్చిందో ఆయప్పకే తెల్దు.

697 మూడు చుట్లకు అందుకున్యాది. తెల్లపొగ కొంచేపు వచ్చి తగ్గింది. మూత బాగానే అదిరింది గానీ కింద పడల్యా. పంపు సీసం సీలు అట్లనే ఉంది. నంబరు కలిసింది. ఆరు స్లీవులు, పిస్టన్లు, కూలీ లెక్కేసి ఆ డబ్బు రేటులో తగ్గించమన్యా. సగానికి ఒప్పుకున్యాడు. గురువారం మేస్త్రిని పిల్చుకొని పోయి బయానా ఇస్తా. స్లీవు అన్నా, బండి నీ దగ్గరికే తెస్తా, గోరు రెడీగా పెట్టుకో.

బియ్యం బండి:

కమ్మిన్స్ ఓడలే, కాయితం ఓడింది. గా మొదటి బండి ఏడున్నదో నాకు మెసేజ్ పెట్టు తమ్మీ. ఆర్సీ సంగతి నేను జూసుకుంట.