యూరప్ ప్రాంతీయ వంటల ప్రయాణ కార్యక్రమాలు: చూసి వండినవారి, వెళ్లి తిన్నవారి అనుభవాలు

పొయ్యిగడ్డ:
2021లో సీఎన్ఎన్‌లో మొదలైన, నటుడు స్టాన్లీ టూచీ ఇటలీ వంటల కార్యక్రమం ‘సెర్చింగ్ ఫర్ ఇటలీ’ని నేను ఈ వేసవిలో చూశాను. ఇటలీ వంట అంటూ ఒకటి లేదని, ఊరికో వంట ఉందని అది చూశాకే తెలిసింది. నేపుల్స్ భాగంలో నెరానో అనే సముద్రతీర పల్లె స్పగెట్టీ నన్ను పట్టేసింది. జుకినీ అనే దోసకాయ వంటి కాయను చక్రాలుగా తరిగి, నూనెలో వేయించి, కొన్ని గంటలు నాననిచ్చి, తులసి జాతి బేసిల్ ఆకు, చీజ్‌తో కలుపుతారు. తెర మీద అది క్షణాల్లో అయిపోయినట్టే కనిపించింది కానీ, నాకు మొదటి రెండుసార్లు చీజ్ ముద్ద కట్టి తీగలు సాగింది. మూడోసారి గిన్నె దించి, పాస్తా వార్చిన గంజిని గరిటెడు చొప్పున పోస్తూ కలిపితే గానీ అది చక్కగా పట్టలేదు. ఆ గంజిలోని పిండిపదార్థమే చీజ్‌ను, నూనెను విడిపోకుండా కలిపి ఉంచుతుందట. ఇటువంటి కార్యక్రమాలు చూసి వండినవారు, ఆ ఊళ్లకు వెళ్లినవారు తమ అనుభవాలు రాయగలరు.

వరండా:
నేను ఇటలీలోని బోలోన్యాలో రెండేళ్లు చదువుకున్నాను. అక్కడ రాగూ అనే మాంసపు సాస్‌ను వెడల్పాటి పట్టీల్లాంటి తాల్యతెల్లే పాస్తాతోనే వడ్డిస్తారు, సన్నని స్పగెట్టీతో కాదు. 1982లో ఇటలీ వంటల అకాడమీ రాగూ తయారీ విధానాన్ని ఆ నగర వాణిజ్య మండలిలో దాఖలు చేసింది, 2023లో దాన్ని సవరించింది. అయినా మా ఇంటి యజమానురాలు పాలు పోయనిది రాగూ కాదనేవారు, ఎదురింటావిడ పాలు పోస్తే ఒప్పుకునేవారు కాదు. ఈ కార్యక్రమాల మీద నాకున్న అభ్యంతరం ఇదే: ఊరికొక అమ్మమ్మను చూపిస్తారు, చూసేవారు ఆవిడ పద్ధతినే ఊరంతటి పద్ధతి అనుకుంటారు.

రోకలిబండ:
శాకాహారులకు ఒక మాట. పార్మిజానో రెజ్జానో అనే ఇటలీ చీజ్ తయారీలో పాలను విరగగొట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. కనీసం 12 నెలలు మాగే ఆ పెద్ద పెద్ద చక్రాలను తెర మీద ఎంతో ఇష్టంగా చూశాను, ఈ సంగతి మాత్రం తర్వాత వేరేచోట చదివి తెలుసుకున్నాను. అక్కడివారికి అది ప్రశ్నే కాదు, మనకు మాత్రం ముఖ్యం. అందువల్ల శాకాహార రెన్నెట్ అని రాసి ఉన్న గట్టి చీజ్‌తో సరిపెట్టుకుంటున్నాను.

నెట్‌ఫ్లిక్స్‌లో 2018లో వచ్చిన వంటల రచయిత్రి సమీన్ నోస్రత్ కార్యక్రమం ‘సాల్ట్ ఫ్యాట్ యాసిడ్ హీట్’లో కొవ్వు గురించిన మొదటి భాగం ఇటలీలో సాగుతుంది. అందులో లిగూరియా ప్రాంతపు బేసిల్ ఆకు పచ్చడి పెస్టోను రోట్లో నూరడం చూసిన రోజే మా రోలు కడిగి పెట్టాను. మిక్సీలో బేసిల్ ఆకు వేడెక్కి నల్లబడుతుంది, రోట్లో నలిగిన ఆకు పచ్చగానే ఉండి వాసన ఇల్లంతా నిండుతుంది. రోటి పచ్చడి నూరే చేతికి ఇది కొత్త విద్య కాదు.

కాలువగట్టు:
నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 2005లో బీబీసీలో వచ్చిన బ్రిటిష్ వంటగాడు రిక్ స్టైన్ ఫ్రాన్స్ పడవ ప్రయాణం. బోర్డో నుంచి కాలువల మీదుగా మధ్యధరా వైపు సాగే ఆ ప్రయాణంలో తొందర లేదు. పడవ ఆగినచోట బజారు, అక్కడ దొరికిందే వంట. 1681లో పూర్తయిన మిదీ కాలువ ఒడ్డునే కాస్తెల్‌నోదరీ ఉంది. తెల్ల చిక్కుడు గింజలు, బాతు మాంసం, సాసేజీలు కలిపి మట్టిపాత్రలో గంటల తరబడి మగ్గబెట్టే కాసులే కోసం నేను ఆ ఊరు వెళ్లాను. కాసోల్ అనే ఆ మట్టిపాత్రను బట్టే వంటకానికి ఆ పేరు వచ్చింది. మొదటి రాత్రి తిన్నచోట పైన కట్టాల్సిన పెచ్చే లేదు, డబ్బాలోది వేడి చేసి ఇచ్చారనిపించి చాలా బాధపడ్డాను. మర్నాడు ఇంకోచోట ముందుగానే చెప్పి చేయించుకుంటే, పెచ్చు కట్టినకొద్దీ దాన్ని విరిచి లోపలికి నొక్కుతూ మగ్గబెట్టిన రుచి ఏమిటో తెలిసింది. దగ్గరి నగరాలైన తులూజ్, కార్కసోన్ వారు కూడా కాసులే తమదేనంటారు. వరండా గారు చెప్పిన పాల తగవు వంటిదే ఇదీ.

పొయ్యిగడ్డ:
రోకలిబండ గారూ, ఈ ఆదివారం నేనూ పెస్టో నూరుతాను. చీజ్ ఎప్పుడు వేయాలి?

రోకలిబండ:
ముందు వెల్లుల్లి, రాళ్ల ఉప్పు, పైన్ గింజలు మెదపండి. ఆకును కొద్దికొద్దిగా వేస్తూ, దంచకుండా, రోలు అంచుకేసి రుద్దుతూ నూరండి. అది మెత్తబడ్డాక చీజ్, ఆఖరున ఆలివ్ నూనె. పొయ్యి మీద మాత్రం పెట్టకండి, పాస్తా వేడి చాలు. మీరు చెప్పిన గంజి ఇక్కడా రెండు చెంచాలు పడుతుంది.