ఆటిజం పిల్లలకి ఎదుటివాళ్ల బాధ తెలియదా?

కడప_అమ్మ: మా బాబుకి 11 ఏళ్లు, ఆటిజం. మొన్న మా అత్తగారు జారిపడి ఏడుస్తుంటే వాడు చెవులు మూసుకుని పక్క గదిలోకి వెళ్లిపోయాడు. "వీడికి గుండె లేదు" అని ఆడపడుచు అందరి ముందూ అనేసింది. మీ పిల్లలూ ఇంతేనా? తాము వేరుగా ఉన్నామని వాళ్లకి తెలుస్తుందా?

సిరి_నాన్న: నాకు తల నొస్తుందని పండుకుంటే మా బిడ్డ తన దుప్పటి తెచ్చి నా మొఖం మీద కప్పుతది. తనకు మంచిగ లేనప్పుడు గదే కావాలె మరి. చుట్టాల మాట ఇడిసిపెట్టుండ్రి అక్కా.

స్పెషల్_టీచర్: 15 ఏళ్లుగా ఈ పిల్లలతోనే పనిచేస్తున్నాను. ఇది థియరీ ఆఫ్ మైండ్ లోపం, అంటే ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించలేకపోవడం. 1985లో బేరన్-కోహెన్, లెస్లీ, ఫ్రిత్ చేసిన శాలీ-ఆన్ పరీక్షలో (శాలీ లేనప్పుడు ఆన్ ఆమె గోలీని వేరేచోట దాస్తుంది, తిరిగొచ్చిన శాలీ ఎక్కడ వెతుకుతుందని అడుగుతారు) 20 మంది ఆటిజం పిల్లల్లో 16 మంది తప్పు చెప్పారు. ఎదుటివాళ్ల మనసు వీళ్లకి అందదు.

నిశ్శబ్దం: నాకే ఆటిజం. శాలీ తన గోలీ ఎక్కడ వెతుకుతుందో చెప్పలేనివాడు అమ్మ ఏడిస్తే బాధపడడా? ఆ పరీక్ష ఊహని చూస్తుంది, జాలిని కాదు. సరిగ్గా చెప్పిన ఆ నలుగురికీ ఆటిజమే కదా! ఎవరైనా ఏడిస్తే నాకు ఒళ్లంతా మంట పెట్టినట్టు బాధగా ఉంటుంది, అక్కడ నిలబడలేను. బయటికి మాత్రం రాయిలా కనిపిస్తానట.

స్పెషల్_టీచర్: మీరు టైప్ చేయగలరు. మాటే రాని పిల్లల సంగతి వేరు. నాకు పాఠాలు చెప్పకండి.

నిశ్శబ్దం: మాట రాకపోతే మనసు లేదని ఏ కోర్సులో నేర్పారు? తానే ఆటిస్టిక్ అయిన పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లోనే రాశాడు, ఈ అర్థంకాకపోవడం రెండువైపులా ఉందని. మేము మీకు అర్థం కాకపోతే దాన్ని మాత్రం ఎవరూ లోపం అనరు.

భీమవరం_రాజు: గొడవ తర్వాత పడదురు గానీ, మావాడికి ఆటిజం ఎంతుందో కొలిచే ఐసా పరీక్షలో స్కోరు 70 దాటింది. వైకల్య సర్టిఫికెట్ వస్తుందా?

సిరి_నాన్న: వైకల్యం 40 శాతం అని రాస్తే వస్తది అన్నా. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) అయినంక నిరామయ బీమాకు పెట్టుండ్రి, ఏడాదికి లక్ష దాకా ఇస్తరు.

వైజాగ్_లక్ష్మి: కడప అక్కా, మీ రెండో ప్రశ్న అందరూ వదిలేశారు. మావారికి పెద్దయ్యాకే ఆటిజమని తేలింది. తను వేరని చిన్నప్పుడే తెలుసట, ఎందుకో తెలియలేదంతే. ఆయనకి కడుపులో తిప్పితే అది ఆకలో కోపమో తేల్చుకోలేరు. దాన్ని అలెక్సిథైమియా అంటారు. ఆటిజం ఉన్న అందరికీ ఉండదు, లేనివాళ్లలోనూ కొందరికి ఉంటుంది. బాబుని "ఎందుకు వెళ్లిపోయావు" అని అడగకండి. "చెవులు నొప్పెట్టాయా, భయమేసిందా" అని అడిగి చూడండి.

స్పెషల్_టీచర్: అలా జవాబు అందించి అడిగితే దేనికైనా అవుననే అంటారు.

నిశ్శబ్దం: అయితే బొమ్మలు గీసి చూపించి వాడినే ఎంచుకోమనండి. నాకు అదే పనిచేసింది.